పదిమంది అయితేనే తిప్పుతాం

ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మా అక్క పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని మా చుట్టుపక్కలే ఉన్న ఒక చిన్న పార్కుకి వెళ్లాను. పేరుతో పనిలేదు, ఇలాంటివి మన వైపు ఏ ఊరి శివారులోనైనా కనిపిస్తాయి. పిల్లలు నేరుగా కొలంబస్ అనే ఊగే పడవ దగ్గరికి పరిగెత్తారు. పడవ ఆగి ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, "పదిమంది అవ్వాలండీ. అయితేనే తిప్పుతాం" అన్నాడు. మేం ముగ్గురం.

ముప్పావుగంట చూశాం. ఒక కొత్త జంట, కాలేజీ ఎగ్గొట్టిన ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ఎనిమిది. ఇక లాభం లేదని అతనే క్యాంటీన్లో టీ కాసే మనిషినీ, అటుపక్క ఊడుస్తున్న ఆవిడనీ కేకేశాడు. "అత్తా, ఒక్క రౌండు, రా." ఆవిడ చీపురు చెట్టుకి ఆనించి, కొంగు నడుముకి దోపుకుని వెనక వరసలో వచ్చి కూర్చుంది. పడవ ఊగింది. మా పిల్లలకంటే ఆవిడే ఎక్కువ నవ్వింది.

నష్టాల్లో నడిచే పార్కు కష్టమంతా ఆ ముప్పావుగంటలో ఉంది. పదిమంది లేకపోతే కొలంబస్‌ని ఆపి కూర్చోవచ్చు. పార్కుని అలా ఆపి కూర్చోవడానికి లేదు. గేటు తెరిచాక ముగ్గురొచ్చినా మూడువేలమంది వచ్చినా వేవ్ పూల్ నీళ్లు వడగట్టే పంపు తిరగాల్సిందే, క్లోరిన్ కలపాల్సిందే, పూల్ ఒడ్డున విజిల్ పట్టుకుని ఈత వచ్చిన మనిషి నిలబడాల్సిందే. కరెంటు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. హైటెన్షన్ కనెక్షన్ తీసుకున్నవాళ్లు ఆ నెల ఎంత తక్కువ వాడినా, డిమాండు చార్జీ మాత్రం ఒప్పుకున్న డిమాండులో (ఒకేసారి ఎంత కరెంటు లాగుతామని ముందే రాసిచ్చిన లెక్క) కనీసం 80 శాతానికి కట్టాలి. మే నెల రద్దీని లెక్కేసుకుని తీసుకున్న కనెక్షన్‌కి ఆగస్టు ముసురులోనూ దాదాపు అదే చార్జీ అన్నమాట.

ఇలాంటి పార్కు గురించి నలుగురు కూర్చుంటే మూడు మాటలు వినిపిస్తాయి. కొత్త రైడ్లు తెచ్చి మెరుగులు దిద్దమని ఒకరు, సగం మూసి సగం నడపమని ఇంకొకరు, తాళం వేసి స్థలం అమ్ముకోమని మరొకరు. ముగ్గురూ మందు చెబుతున్నారు. రోగం ఏమిటో చూసినవాళ్లు తక్కువ. నష్టం అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేరువేరు జబ్బులున్నాయి: జనం రాకపోవడం, జనం వచ్చినా అప్పు తినేయడం, జనమూ అప్పూ బాగానే ఉన్నా భూమి రేటు పెరిగి పార్కే దండగ అనిపించడం. ఒకదానికి వేసే మందు ఇంకొకదానికి విషం.

ముందు జనం లెక్క చూద్దాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, ఏ పార్కువీ కావు. రోజుకి నిర్వహణ ఖర్చు 2 లక్షలు అనుకోండి. టికెట్ 600. అందులో జీఎస్టీ 18 శాతం పోతే (2018 జనవరి దాకా ఇది 28 ఉండేది) చేతికొచ్చేది 508. మనిషొస్తే అయ్యే చిల్లర ఖర్చులు, కమీషన్లు తీసేస్తే 450 మిగిలిందనుకుందాం. అంటే రోజుకి సగటున 445 మంది రావాలి. ఇక్కడే ఆ సగటు అనే మాట మోసం చేస్తుంది. మన దగ్గర జనం సగటున రారు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా, బెజవాడ ఎండకి తాళలేక నీళ్లున్న చోటికల్లా వస్తారు. డిసెంబరు, జనవరిల్లో స్కూలు బస్సులొస్తాయి. ఆదివారాలు ఎలాగూ ఉన్నాయి. దసరాకి సెలవులున్నా ఊరు ఊరంతా ఇంద్రకీలాద్రి క్యూలో ఉంటుంది. సంక్రాంతికి పల్లెలకీ, కోడిపందాలకీ పోతుంది. కాబట్టి ఏడాదిలో 90 మంచి రోజుల్లో 1200 మంది చొప్పున, మిగిలిన 275 రోజుల్లో 120 మంది చొప్పున వచ్చారనుకుందాం. మొత్తం 1,41,000 మంది. రాబడి 6 కోట్ల 34 లక్షల 50 వేలు. ఖర్చు 7 కోట్ల 30 లక్షలు. నష్టం 95 లక్షల 50 వేలు.

ఇప్పుడు మొదటివాడి మందు వేద్దాం. 12 కోట్లు అప్పు తెచ్చి ఒక పెద్ద రైడ్ పెట్టారు. 11 శాతం వడ్డీకే మొదటి ఏడాది కోటీ 32 లక్షలు, పదేళ్లలో తీర్చాలంటే అసలు ఏడాదికి కోటీ 20 లక్షలు. వెరసి 2 కోట్ల 52 లక్షలు. దీన్నీ పాత నష్టాన్నీ పూడ్చుకోవాలంటే ఏడాదికి అదనంగా 77 వేలమంది రావాలి. అంటే ఇప్పుడొచ్చే జనానికి సగం పైన. వస్తారే అనుకుందాం. ఏ రోజు వస్తారు? మళ్లీ ఆ 90 రోజుల్లోనే. అప్పటికే క్యూలు కట్టిన రోజునే ఇంకొంతమంది వచ్చి, గంటసేపు ఎండలో నిలబడి, తిట్టుకుంటూ వెళ్తారు. ఆగస్టు మంగళవారం మాత్రం కొత్త రైడ్ పక్కన కూడా ఒక ప్లాస్టిక్ కుర్చీ పడుతుంది. కన్సల్టెంట్ల రిపోర్టుల్లో ఏడాది మొత్తం ఒకే గ్రాఫుగా పైకి లేస్తుంది కాబట్టి అరచేతిలో వైకుంఠం కనిపిస్తుంది.

రెండోవాడిది చూద్దాం. రోజువారీ 2 లక్షల్లో గేటు తెరవకపోయినా తప్పనివి (కాపలా, బీమా, లీజు, తోట, యంత్రాల సంరక్షణ) లక్షా 20 వేలు, తెరిస్తేనే అయ్యేవి 80 వేలు అనుకోండి. డల్ రోజున వచ్చే 120 మంది తెచ్చేది 54 వేలు. అంటే ఆ రోజు గేటు తెరిచినందుకు అదనంగా 26 వేలు పోగొట్టుకుంటున్నారు. ఆ 275 రోజులూ మూసేస్తే 71 లక్షల 50 వేలు మిగులుతుంది, నష్టం 24 లక్షలకి దిగుతుంది. డల్ రోజుల్లో వచ్చే 33 వేలమందిలో మూడోవంతు తెరిచిన రోజుల్లో వచ్చారంటే పార్కు పాతిక లక్షల లాభంలో పడుతుంది. కొత్త రైడ్ లేదు, కొత్త అప్పు లేదు.

ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. వేసవిలో వచ్చే ఎగ్జిబిషన్‌ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. జెయింట్ వీల్, టొరా టొరా, డాషింగ్ కార్లు, పక్కన ఢిల్లీ అప్పడాల స్టాలు. జనం ఉన్నన్నాళ్లు ఉంటారు, సీజన్ అయిపోగానే బోల్టులు విప్పి లారీలకెత్తి ఇంకో ఊరు పోతారు. జనం తమ దగ్గరికి వచ్చేదాకా కూర్చోరు, జనం ఉన్న చోటికి రైడ్‌నే మోసుకెళ్తారు. ఆ ఎగ్జిబిషన్లు పడే బెజవాడ స్వరాజ్య మైదానం, అదే మన పీడబ్ల్యూడీ గ్రౌండు, ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహంతో స్మృతివనం అయింది (2024 జనవరి). ఎగ్జిబిషన్లు పోయాయా? లేదు, వేరే గ్రౌండు వెతుక్కున్నాయి. పునాదుల్లో సిమెంటు పోసుకున్న పార్కుకి ఆ వెసులుబాటు లేదు. చేయగలిగిందల్లా రోజుల్ని కుదించుకోవడమే.

కుదించడం అంటే రోజులే కానక్కర్లేదు, స్థలం కూడా కావచ్చు. ముంబై గోరాయ్‌లో 1989లో మొదలైన ఎస్సెల్‌వరల్డ్ చూడండి. ఒక తరం పిల్లలకి అదే లోకం. పక్కనే 1998లో వాటర్ కింగ్‌డమ్ పెట్టారు. కరోనా తర్వాత 2022లో ఎస్సెల్‌వరల్డ్ మూతపడింది, వాటర్ కింగ్‌డమ్ మాత్రం నడుస్తూనే ఉంది. ఎండ దండిగా ఉన్న దేశంలో నీళ్లకి పిలుపు అక్కర్లేదు. బెజవాడ, గుంటూరు పరిసరాల్లో ఎవరైనా ఈ కుదింపు లెక్క వేసినా చివరికి నీళ్ల దగ్గరే తేలుతుందని నా అనుమానం.

అయితే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఖర్చు పట్టిక చూసి తేల్చేది కాదు. బెజవాడ గాంధీ హిల్ సంగతే తీసుకోండి. 52 అడుగుల స్తూపం, ప్లానెటోరియం, కింద పరుచుకున్న ఊరూ, కృష్ణా. అన్నీ ఉన్నాయి. కానీ ఎనిమిదేళ్ల పిల్లాణ్ని అడిగితే కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు గురించే చెబుతాడు. లెక్కల పుస్తకంలో అలాంటి రైలు ఎప్పుడూ ఖర్చు వైపే కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే మిగతా కొండకి వచ్చేవాళ్లు ఎంతమంది తగ్గుతారో ఆ పుస్తకంలో ఉండదు. కుదించిన పార్కులు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. ఖర్చెక్కువని తీసేసింది జనం వచ్చే కారణమే అవుతుంది. ఆ తర్వాత జనం తగ్గారని ఇంకొకటి తీసేస్తారు.

తీసేయకుండా వదిలేస్తే అది ఇంకా ప్రమాదం. నష్టాల్లో ఉన్న యజమానికి అన్నిటికంటే తేలిగ్గా దొరికే ఆదా మరమ్మతు. జీతం ఎగ్గొడితే మనిషి అడుగుతాడు, బిల్లు ఎగ్గొడితే కరెంటు పోతుంది. గ్రీజు పెట్టకపోతే, పిన్ను మార్చకపోతే ఆ వారం ఏమీ కాదు. పై వారమూ కాదు. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా సరస్సు దగ్గర పెండ్యులమ్ లాంటి రైడ్ ఊగుతూ ఊగుతూ విరిగి పడింది, ప్రాణాలు పోయాయి. పన్నెండు రైడ్లలో నాలుగు నడుస్తూ, ఎనిమిదింటికి 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డు వేలాడే పార్కు గేటు తెరిచి ఉన్నా సగం మూతపడినట్టే. పైగా ఆ నాలుగింటి మీద నమ్మకమూ పోతుంది. ఎనిమిదీ విప్పి అమ్మేసి, ఆ డబ్బు నాలుగింటి మీద పెట్టే యజమాని నాకు తెలివైనవాడిలా కనిపిస్తాడు.

రెండో జబ్బు అప్పు. పైన వేసిన లెక్కలో పాత అప్పు అసలు లేదు, కావాలనే పెట్టలేదు. అదే పార్కుకి 20 కోట్ల పాత బాకీ ఉంటే ఏడాదికి 2 కోట్ల 20 లక్షల వడ్డీ. అప్పుడు రోజులు కుదించినా, రైడ్లు పెంచినా, ఆ కుర్రాడు ఊళ్లో వాళ్లందర్నీ పిలిచి పడవెక్కించినా తేలేది కాదు. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద ఖోపోలీ దగ్గర 2013లో తెరిచిన ఇమాజికా పార్కు కథ ఇదే. జనం రాకపోలేదు. కట్టడానికి తెచ్చిన అప్పు మోయలేక వాయిదాలు తప్పింది. 2022లో మల్పానీ గ్రూపు చేతికి వచ్చింది, అప్పిచ్చినవాళ్లు కొంత వదులుకున్నారు, ఆ తర్వాత కుదుటపడింది. రైడ్లు అవే, కొండలు అవే. పారిస్‌ డిస్నీదీ అలాంటిదే. 1992లో తెరిచి నష్టాల్లో మునిగితే, 1994లో ముందు బాకీల సంగతి తేల్చుకున్నారు. 1995లో టికెట్ రేటు తగ్గించి, స్పేస్ మౌంటెన్ అనే కొత్త రైడ్ పెట్టారు. ఆ ఏడాదే లాభం చూశారు. ఇందులో అందరూ చెప్పుకునేది ఆ రైడ్ గురించే. అంతకుముందు ఏడాది బ్యాంకులతో కూర్చోకపోతే రైడ్ కూడా బాకీలో కలిసేది.

మన హైవే మీద చినకాకాని దగ్గరున్న హాయ్‌ల్యాండ్‌ది మరీ విచిత్రమైన పరిస్థితి. బౌద్ధ శిల్పాల తీరులో కట్టారు, ఎయిమ్స్ మంగళగిరికి, రాజధాని ప్రాంతానికి దగ్గర. దాని పేరు పేపర్లో పడింది మాత్రం రైడ్ల వల్ల కాదు. దాన్ని కట్టిన అగ్రిగోల్డ్ కంపెనీ డిపాజిట్ల వ్యవహారం బయటపడ్డాక లక్షలమంది డిపాజిటర్లు డబ్బు కోసం ఎదురుచూస్తుంటే, వాళ్లకి తిరిగి చెల్లించడానికి అమ్మదగిన ఆస్తుల్లో ఒకటిగా అది హైకోర్టు మెట్లెక్కింది. ఒక పార్కుని నడపాలా, అమ్మాలా అని తేల్చే చోట వేవ్ పూల్‌కి జనం వస్తున్నారా లేదా అన్నది అసలు ప్రశ్నే కాకుండా పోయింది. ఇంట్లో కూతురి పెళ్లికి అమ్మకానికి పెట్టిన పొలంలో ఆ ఏడు మిర్చి బాగా పండిందా అని ఎవరడుగుతారు?

మూడో జబ్బు ఇదే, భూమి. ఢిల్లీలో 1984 నుంచి నడిచిన 'అప్పు ఘర్' అనే పార్కు 2008లో మూతపడింది జనం లేక కాదు. అది ఉన్న ప్రగతి మైదాన్ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకి కావలసి వచ్చింది. చెన్నై శివారు ఈవీపీ వరల్డ్ రైడ్లు ఆపేసి సినిమా స్టూడియోగా మారింది. బెజవాడ–గుంటూరు మధ్య ముప్పై అయిదు కిలోమీటర్లలో 2014 తర్వాత ఎకరం ధర ఎన్ని మలుపులు తిరిగిందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రేటు ఎగిరినప్పుడు బాగా నడిచే పార్కు కూడా యజమానికి నష్టంగానే కనిపిస్తుంది. ఆ స్థలం అమ్మి బ్యాంకులో వేసుకున్నా ఇంతకంటే వస్తుంది కదా అన్న లెక్క నిద్రపోనివ్వదు. అతని డబ్బు, అతనిష్టం. దాన్ని జనాదరణ లేక మూసేశాం అని చెప్పడం మాత్రం నాకు ఒప్పదు.

సర్కారు పార్కులకి ఈ మూడూ నేరుగా వర్తించవు. కార్పొరేషన్ నడిపే రాజీవ్ గాంధీ పార్కుని లాభమెంత అని అడిగితే, రోడ్డు మీద వీధిదీపాన్ని కూడా అడగాల్సి వస్తుంది. అక్కడ అడగాల్సింది వచ్చే మనిషి ఒక్కొక్కరి మీద కార్పొరేషన్‌కి ఎంత పడుతోంది, ఆ డబ్బుతో ఇంకో నాలుగు కాలనీల్లో ఉయ్యాలలు పెడితే ఎక్కువమంది పిల్లలు ఆడుకుంటారా అని. లీజుకిచ్చి చేతులు దులుపుకోవడం ఇంకో దారి. మూడేళ్ల లీజు తీసుకున్నవాడు పదేళ్లు బతికే రైడ్ ఎందుకు పెడతాడు? గేటు దగ్గర రంగులేస్తాడు, పార్కింగ్ టికెట్ పెంచుతాడు.

భవానీ ద్వీపం వీటన్నిటికంటే చిక్కుముడి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నది మధ్యలో 133 ఎకరాలు. పడవెక్కి వెళ్లడమే సగం సరదా. కార్తీక మాసంలో వనభోజనాలకి ఇంతకంటే మంచి చోటు బెజవాడలో చూపించండి. కులసంఘాలు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు గాడిపొయ్యిలు, గుండిగలు వేసుకుని దిగుతారు. 2017 నవంబరులో అదే నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడింది కూడా కార్తీకంలోనే. ఇక వరద. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చినప్పుడు ద్వీపం మునిగింది. అంతకుముందు 2009లో, 2019లో వచ్చిన వరదలూ దాన్ని వదల్లేదు. ప్రతి వరద తర్వాతా బురద ఎత్తి, బొమ్మలకి రంగులేసి, మళ్లీ ఖర్చు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ పార్కు 2005 కత్రినా తుపానుకి మునిగాక మళ్లీ గేటు తెరవనేలేదు, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత గాని కూలగొట్టడం మొదలుపెట్టలేదు.

ద్వీపాన్ని అలా వదిలేయమని నేను అనను. అక్కడ సిమెంటు, ఫైబరు బొమ్మలు, కరెంటు మోటార్లు ఎంత తక్కువుంటే అంత మంచిదంటాను. నీళ్లొస్తే మునిగి, నీళ్లు పోగానే తేరుకునేవి చెట్లు, ఇసుక, నడకదారి. పడవలు ఎలాగూ తేలతాయి. పాకలు తడిసి పోతే మళ్లీ కప్పుకోవచ్చు. కార్తీకానికి జనం వచ్చేది ఉసిరిచెట్టు నీడకే కాని రోబో డైనోసార్ల కోసం కాదు. అంటే రైడ్ల పార్కుగా దాన్ని మూసేసి, తోటగా బాగుచేసుకోవాలి. ఇందులో మూడు మందులూ కలిసే ఉన్నాయి.

నేను వేసిన లెక్కలో ఒక సంగతి దాచాను. రోజులు కుదిస్తే మిగిలే ఆ 80 వేలలో ఎక్కువ భాగం కూలి. టికెట్ కౌంటర్లో అమ్మాయి, లాకర్ల దగ్గర పెద్దాయన, కొలంబస్ కుర్రాడు, చీపురు పట్టుకున్న అత్త. యాజమాన్యం రిజిస్టర్లో ఏడాదికి తగ్గకుండా వరసగా పనిచేసిన కార్మికుణ్ని తీసేస్తే ఏడాది సర్వీసుకి 15 రోజుల సగటు జీతం చొప్పున ఇవ్వాలని చట్టం ఉంది. వీళ్లలో ఎంతమంది ఆ రిజిస్టర్లో ఉంటారు? ఎక్కువమంది కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లు, రమ్మన్న రోజు వస్తారు, వద్దన్న రోజు మానేస్తారు. 90 రోజుల పార్కు యజమానికి గిట్టుబాటు అయినట్టు వీళ్లకీ అవ్వాలంటే ఆ మిగిలిన పాతిక లక్షల్లోంచి కొంత ఖాళీ నెలల జీతంగా ఇటు రావాలి. లేకపోతే మే నెలలో, క్యూ గేటు దాటి రోడ్డెక్కిన రోజున, బ్రేకు ఎప్పుడు వేయాలో చేతికి తెలిసిన మనిషి దొరకడు.

తిరిగి వస్తూ ఆ కుర్రాణ్ని అడిగాను, ఇలాంటి రోజుల్లో ఎలాగని. "ఎండాకాలం ఇక్కడే ఉంటానండీ. తర్వాత ఎగ్జిబిషన్ వాళ్లతో పోతా. జెయింట్ వీల్ కూడా తిప్పుతా" అన్నాడు. ఈ ఏడు ఇంకా ఎందుకు వెళ్లలేదంటే, యజమాని రెండు నెలల జీతం బాకీ ఉన్నాడట.